మాష్టారు చేరేసరికి

పోయిన వారం మా బడికి డిప్యూటీ ఇనస్పెక్టరుగారు వచ్చారు. నేను ఆరో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటే వెనక బల్ల మీద కూర్చుని విన్నారు. గంట కొట్టాక, "మీకు ఇంగ్లీషు ఎవరు చెప్పారమ్మా?" అని అడిగారు. జగ్గయ్యపేటలో ఒక మాష్టారన్నాను. పేరడిగితే చెప్పాను. ఆయన కాస్త ఆలోచించి, "ఆ హత్య కేసులో మాట మార్చిన మాష్టారేనా?" అన్నారు.

"ఆయనేనండి," అన్నాను.

ఆయన హాజరు పట్టీ తెమ్మని చూసుకుని, కాఫీ తాగి వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ రోజంతా ఏ పనీ తోచలేదు. మాష్టారు పోయి రెండేళ్ళు దాటింది. ఆయన మాకు చెప్పిన పాఠాలు, మమ్మల్ని పెట్టిన తిప్పలు, ఆయన మంచితనం, పిరికితనం అన్నీ పోయి లోకంలో ఆయన గురించి ఆ ఒక్క ముక్కే మిగిలింది. మాట మార్చిన మాష్టారు. అది తప్పని నేను అనలేను. మార్చారు. కానీ ఆయన సాక్ష్యం చెప్పిన రెండు కోర్టుల్లోనూ నేను ఉన్నాను. అందుకని నాకు తెలిసింది రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఆయన భార్య ఇంకా బతికే ఉన్నారు.

అప్పటికి నేను జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వెళ్ళే దారిలో ఉన్న ఒక ఊళ్ళో, ఊరికి ఎడంగా మావాళ్ళుండే పల్లెలోనే, మిషన్ బడిలో పంతులమ్మను. ఎనిమిదో తరగతి తర్వాత చిన్న ట్రైనింగు అయినదాన్ని. మెట్రిక్ ప్యాసైతేగాని పై ట్రైనింగుకు తీసుకోరు. ప్రైవేటుగా కడితే అన్నీ గట్టెక్కేవి, ఇంగ్లీషు తప్పేది. మా పాస్టరుగారు నన్ను వెంటబెట్టుకుని పేటలో మాష్టారి ఇంటికి తీసుకెళ్ళారు. ఆయన అక్కడి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. శనివారం మధ్యాహ్నాలు ఇంటి వరండాలో, నాలాగా పరీక్ష తప్పిన ఉద్యోగస్తులకు ఊరికే పాఠం చెప్పేవారు.

పాస్టరుగారు నేనెవరినో చెప్పారు. ఏ పల్లెనుంచి వచ్చానో కూడా చెప్పారు. మాష్టారు గొడుగు కర్ర మీద రెండు చేతులూ ఆనించి, వీధిలోకి చూస్తూ కొంచెంసేపు నిలబడ్డారు. తర్వాత, "బల్ల మీద కూర్చో అమ్మా," అన్నారు. అప్పటికే ఆ బల్ల మీద పోస్టాఫీసు గుమాస్తా ఒకాయన కూర్చుని ఉన్నారు. ఆయన కాస్త జరిగారు. నేను కూర్చున్నాను. మాష్టారు ఆలోచించడం నేను మరిచిపోలేదు, కూర్చోమనడమూ మరిచిపోలేదు.

మనిషి సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉండేవారు. ఎండాకాలంలో కూడా మెడ దాకా గుండీలు పెట్టిన కోటు విడిచేవారు కాదు. కోటు మోచేతులు ఎప్పుడూ తెల్లగా ఉండేవి, ఎందుకంటే రాసింది మోచేత్తో తుడిచేవారు. బోర్డు లేదు. వరండాలో పరిచిన నాపరాళ్ళే ఆయన బోర్డు. గొంతుక్కూర్చుని సుద్దముక్కతో బండ మీద ఒక పొడుగాటి గీత గీసేవారు. "ఇది జరుగుతూ ఉన్న పని. వాజ్ ఈటింగ్. తింటూ ఉన్నాడు." గీత మధ్యలో టక్కున ఒక చుక్క. "ఇది జరిగిన పని. గెస్ట్ కేమ్. చుట్టం వచ్చాడు." ఆ చుక్కకు ఎడమవైపు, దూరంగా ఇంకో చుక్క పెట్టి, దాన్ని వేలితో చూపించేవారు. "ఇది అంతకన్నా ముందే అయిపోయింది. హాడ్ ఈటెన్. చుట్టం వచ్చేసరికే తినేశాడు. అన్నం తింటూ ఉన్నాడా, తినేశాడా? చుట్టానికి అది చాలా ముఖ్యం."

మేం నవ్వేవాళ్ళం. ఆయన నవ్వేవారు కాదు. నవ్వించాలని చెప్పిన మాట కాదది.

ఆయనకు ఈ ముందూ వెనకల పట్టింపు పాఠానికే పరిమితం కాదు. ఒకరోజు పాఠం మధ్యలో లోపల్నుంచి ఆయన భార్య, "ఏవండీ, పాలు పొంగినై," అని కేకేశారు. మాష్టారు కూర్చున్న చోటునుంచే, "పొంగినయ్యా, పొంగుతున్నయ్యా?" అన్నారు. "పొంగుతుంటే కట్టె లాగు. పొంగిపోతే నన్ను పిలిచి లాభమేముంది?" లోపల ఏదో గిన్నె గట్టిగా కింద పెట్టిన చప్పుడు వినిపించింది. పోస్టాఫీసు గుమాస్తా గారు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

వ్యాకరణ పుస్తకాల్లో అందరం బట్టీపట్టే వాక్యం ఒకటుంది కదా, డాక్టరు వచ్చేసరికే రోగి చనిపోయాడని. దాన్ని ఆయన మా నోట రానిచ్చేవారు కాదు. నేను మొదటివారం గొప్పగా అప్పజెప్పాను. "ఏ రోగి? ఏ డాక్టరు? నువ్వు చూశావా?" అన్నారు. లేదన్నాను. "చూడనిది నాకొద్దు. ఈ వారం నీకు జరిగింది చెప్పు. జరిగిందే చెప్పాలి, తప్పుల్లేకుండా చెప్పాలి. కల్పించిన వాక్యానికి ఏ కాలమైనా సరిపోతుంది. నిజంగా జరిగినదానికి ఒక్కటే సరిపోతుంది."

అప్పట్నుంచి వారం వారం మా బతుకులే మాకు పాఠాలు. గుమాస్తాగారు టపా సంచి కట్టేలోపు బెజవాడ బస్సు వెళ్ళిపోయిన సంగతి చెప్పేవారు. నేను వంట చేస్తుండగా వాన వచ్చిందని ఒకసారి చెప్పాను. వాక్యం సరిగ్గానే వచ్చింది. మెచ్చుకుంటారనుకున్నాను.

"వానొచ్చాక వంట ఆపావా?" అన్నారు.

"లేదండి. కట్టెలు తడిసినై. ఊదుకుంటా కూర్చున్నా."

"అయితే అదీ చెప్పు. సగంలో ఆపితే వినేవాడు నువ్వు పస్తున్నావనుకుంటాడు."

ఇంత పట్టింపు ఉన్న మనిషి, వీధిలోకి వస్తే మాత్రం వేరే మనిషి. ఎదురుగా ఎద్దుబండి కనిపిస్తే అది ఇంకా ఎంతో దూరంలో ఉండగానే పక్కకు తప్పుకునేవారు. కుక్క పడుకుని ఉంటే ఆ సందు మానుకుని చుట్టూ తిరిగి వెళ్ళేవారు. మా ఊరి పెద్ద ఆసామి గుర్రబ్బండి పేటలోకి వస్తే గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని నిలబడేవారు. ఎండగా ఉన్నా అంతే. ఆ ఆసామి హైస్కూలు కమిటీలో పెద్ద. మాష్టారు కాపురముంటున్న ఇల్లు కూడా ఆయనదే. ఆ ఇంట్లోంచి లేవమంటే ఎక్కడికి వెళ్ళాలో తెలియదని ఒకసారి గుమాస్తాగారితో అంటుంటే విన్నాను.

ఆ ఆసామి దగ్గరే మా పల్లెలో మరియమ్మ భర్త ఏడాది పాలేరు. నాగార్జునసాగర్ పని మొదలైన కొత్తలవి. చుట్టుపక్కల పల్లెల్లోంచి కుర్రవాళ్ళు గుంపులు గుంపులుగా ఆ పనిలోకి పోతున్నారు. మరియమ్మ భర్త కూడా పోతానన్నాడు. ఏడాది నిండకుండా మధ్యలో ఎలా పోతావని ఆసామి రెండో కొడుకు అడ్డుపడ్డాడు. మాటా మాటా పెరిగింది. కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం మిరపచేలో మోటబావి దగ్గర ఆ కొడుకు ముల్లుగర్ర తిరగేసి కొట్టాడు. మనిషి బావి గట్టు రాయి మీద పడ్డాడు. బండిలో వేసుకుని పేట ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

ఆసామి వాళ్ళు చెప్పింది వేరు. ఎద్దు బెదిరి తోసిందనీ, రాయి మీద పడ్డాడనీ, తమ కుర్రవాడు ఆ తర్వాతే చేలోకి వచ్చాడనీ అన్నారు. ఆ చేలో ఉన్న కూలీలందరూ వాళ్ళ మనుషులే. వాళ్ళు కూడా అదే చెప్పారు. మరియమ్మ ఆ రోజు చేలో లేదు. బావికి దూరంగా, రోడ్డు వారగా మేకలు కాసుకునే ముసలాయన ఒకడు మాత్రం, తనకు చూపు ఆనక బావి దగ్గర ఏం జరిగిందో కనపడలేదనీ, కానీ రోడ్డు మీద గొడుగు మనిషి ఒకడు ఆగి చూసి, తర్వాత చేలోకి పరిగెత్తాడనీ పోలీసులతో అన్నాడు. ఆ గొడుగు మనిషి, ముక్త్యాలలో కృష్ణ స్నానం చేసి నడిచి తిరిగొస్తున్న మాష్టారే.

పోలీసులు అడిగితే మాష్టారు, తాను వెళ్ళేసరికి మనిషి పడి ఉన్నాడన్నారు. ఆ శనివారం వరండాలో ఎవరం ఆ ఊసు ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. పాఠం మామూలుగానే జరిగింది.

మొదటి విచారణ నందిగామ మేజిస్ట్రేటు కోర్టులో. మరియమ్మ ఒక్కతే వెళ్ళలేనంటే బడికి సెలవు పెట్టి నేను తోడు వెళ్ళాను. చంటిపిల్లను చంకనేసుకుని కోర్టు గుమ్మం పక్కన గోడకానుకుని నిలబడింది మరియమ్మ. మాష్టార్ని పిలిచారు. ఆయన బోనెక్కి, గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ చూసి, చివరికి చేత్తోనే పట్టుకున్నారు. ఇంగ్లీషులో చెప్పవచ్చా అని మేజిస్ట్రేటును అడిగారు. రాసుకునేది ఇంగ్లీషులోనే కాబట్టి ఆయనకూ సులువే. సరేనన్నారు.

మాష్టారు మాకు పాఠం చెప్పేటప్పుడు ఎలా పలుకుతారో అలాగే, మాట మాటకూ మధ్య ఆగి చెప్పారు. "వెన్ ఐ రీచ్డ్ ద ప్లేస్, ద మ్యాన్ హాడ్ ఫాలెన్."

మేజిస్ట్రేటు తలూపి రాసుకున్నారు. సాక్షులందరూ ఇంత స్పష్టంగా చెబితే బాగుండునని కూడా అన్నారు. ఇంకో రెండు ప్రశ్నలు వేసి దిగమన్నారు.

మరియమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏమన్నాడు టీచరమ్మా?"

"ఆయన అక్కడికి చేరేసరికే పడిపోయాడంట."

"పడిపోయాడంటనా? కొట్టింది చూళ్ళేదంటనా?"

"చూళ్ళేదని అనలేదు," అన్నాను. అన్నాక నాకే తెలిసింది నేనేం అన్నానో. ఆ వాక్యాన్ని నా మనసులో బండ మీద గీసుకున్నాను. చుక్క ఆయన బావి దగ్గరికి చేరడం. దానికి ఎడమవైపు చుక్క మనిషి పడడం. రెండు చుక్కలూ ఉన్నాయి. ఆ పడడానికి ముందు ఆయన ఎక్కడున్నారు, ఏం చూస్తున్నారు, అది మాత్రం ఆ వాక్యంలో లేదు. అది లేకుండా చెప్పడానికే ఆయన ఇంగ్లీషు అడిగారు.

మళ్ళీ శనివారం నేను పాఠానికి వెళ్ళాను. పరీక్ష దగ్గరికొచ్చింది, ఇంకెవరూ చెప్పేవాళ్ళు లేరు. అదొకటీ, ఆయన్ని అడగాలని కూడా. గుమాస్తాగారు ఇంకా రాలేదు. మాష్టారు బండ తుడుస్తున్నారు.

"మాష్టారూ, ఒక సందేహమండి."

"అడుగమ్మా."

"కోర్టులో ద ప్లేస్ అన్నారు గదండి. అంటే బావి దగ్గరాండి, రోడ్డు మీదాండి?"

ఆయన తుడవడం ఆపారు. తల ఎత్తలేదు. "బావి దగ్గర."

"రోడ్డు మీద ఉన్నప్పుడు పడలేదాండి?"

వీధిలో ఎవరో కుండలవాడు బేరం చేసుకుంటున్న మాటలు వినిపిస్తున్నాయి. చివరికి ఆయన, "వాక్యంలో తప్పు లేదమ్మా," అన్నారు. పరీక్షలో మార్కులు తగ్గించినవాడితో పిల్లవాడు వాదించినట్టుంది ఆ గొంతు.

"లేదండి," అన్నాను. "నాకు అర్థమైంది."

ఆయన భార్య గుమ్మంలోకి వచ్చారు. లోపల్నుంచి అంతా విన్నట్టున్నారు. "ఆ అమ్మాయిని ఇంక రావద్దనండి. మనకి ఈ గొడవ దేనికి?" అన్నారు. ఆమె నన్ను చూసి అనలేదు. భయపడుతున్న మనిషి మొహం ఆమెది. ఉన్నట్టుండి సామాను వీధిలో పడితే సర్దుకోవలసింది ఆమే కదా. మాష్టారు నన్ను పొమ్మని అనలేదు. గుమాస్తాగారు వచ్చాక పాఠం చెప్పారు. ఆ రోజు బండ మీద ఒక్క గీత కూడా గీయలేదు. పై వారం వెళ్తే, ఒంట్లో బాగాలేదని చెప్పి తలుపు దగ్గర్నుంచే పంపించేశారు.

కేసు బందరు సెషన్సు కోర్టుకు వెళ్ళింది. వాయిదా దగ్గర పడుతుండగా ఒకరోజు మా బడి ముందు ఆయన నిలబడి ఉన్నారు. పేటనుంచి నడిచొచ్చారు. అంతకుముందు ఆయన పల్లెలోకి ఎప్పుడూ రాలేదు. పిల్లలు లెక్కలు చేసుకుంటున్నారు. నేను బయటికి వచ్చాను. గెడ్డం పెరిగి ఉంది. కోటు మోచేతులకు సుద్ద లేదు, నల్లగానే ఉన్నాయి.

"పాఠాలు ఆపేశానమ్మా," అన్నారు. "బళ్ళో కూడా పద్యాలు చెప్పి సరిపెడుతున్నా. ఏ వాక్యం చెప్పబోయినా అదే నోటికొస్తోంది. బందరులో మొత్తం చెప్తా. చూసింది చూసినట్టు చెప్తా. మరియమ్మకి చెప్పు."

నేను మరియమ్మకు చెప్పాను. "చెప్తే మంచిదే," అంది. సంతోషం లేదు ఆ మాటలో. చెప్పేదాకా నమ్మకూడదని అప్పటికే నేర్చుకుంది.

బందరులో ఆయన తెలుగులో చెప్పారు. రోడ్డు మీద వస్తుంటే కేకలు వినిపించాయనీ, ఆగి చూశాననీ, ఆసామి రెండో కొడుకు కర్ర తిరగేసి తల మీదా మెడ మీదా కొట్టడం చూశాననీ, మనిషి పడ్డాక భయం భయంగా చేలోకి పరిగెత్తాననీ చెప్పారు. మాట తడబడలేదు. నా పక్కన మరియమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. ఆమెకు అనువదించాల్సిన పని ఈసారి లేదు.

ముద్దాయి తరఫు ప్లీడరు లేచాడు. పెద్దమనిషి, మాట మెత్తన. నందిగామలో రాసిన వాఙ్మూలం తీసి ఆ ఇంగ్లీషు వాక్యాన్ని చదివాడు.

"ఇది మీరు చెప్పిందేనా మాష్టారూ?"

"నేను చెప్పిందేనండి."

"అక్కడ చెప్పింది నిజమా, ఇక్కడ చెప్పింది నిజమా?"

"రెండూ నిజమేనండి."

కోర్టులో కొందరు నవ్వారు. మాష్టారు జడ్జిగారి వైపు తిరిగి, చేత్తో గాల్లో గీత గీస్తూ చెప్పబోయారు. బావి దగ్గరికి చేరేసరికి పడి ఉన్న మాట నిజమేననీ, కానీ అంతకుముందే రోడ్డు మీదనుంచి చూశాననీ, మొదటి వాక్యం కూడా అబద్ధం కాదనీ. ఆయన చెప్పేకొద్దీ నవ్వు ఎక్కువైంది. గాలిలో గీసిన గీత ఎవరికీ కనిపించదు. నా ఒక్కదానికి కనిపించింది.

ప్లీడరు అంతా విన్నాడు. "మీరు ఇంగ్లీషు మాష్టారు కదా. నేను చూశాను అని చెప్పడానికి ఇంగ్లీషులో మాట లేదాండీ?"

"ఉందండి."

"మరి ఎందుకు చెప్పలేదు?"

మాష్టారు తలొంచుకున్నారు. "భయపడ్డానండి," అన్నారు.

"అప్పుడు ఒకరికి భయపడి ఒకటి చెప్పారు. ఇప్పుడు ఎవరికి భయపడి ఇంకొకటి చెబుతున్నారు?"

దానికి జవాబు మా బడి ముందు నిలబడి ఆయన నాతో అన్న మాటే. కోర్టులో చెప్పగలిగే జవాబు కాదది. ఆయన బోను కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డారు. చూసి చూసి జడ్జిగారు దిగమన్నారు. దిగేటప్పుడు మెట్టు తప్పి పడబోతే బంట్రోతు పట్టుకున్నాడు.

నేరం రుజువు కాలేదని ఆసామి కొడుకును వదిలేశారు. ఒకే సంగతి మీద రెండు రకాలుగా చెప్పిన సాక్షిని నమ్మలేమని తీర్పులో రాశారట. ఆయన నందిగామలో అసలు నోరు విప్పకపోయినా, లేదా పచ్చి అబద్ధమే చెప్పినా, ఏమయ్యేదో నాకు తెలియదు. అంత జాగ్రత్తగా కూర్చిన ఆ వాక్యమే బందరులో ఆయన నోరు మూసేసింది.

ఇల్లు ఖాళీ చేయమన్నారు. బడిలో ఎవరూ ఏమీ అనకుండానే ఆయన చేత రాజీనామా ఇప్పించారు. అసలు నిజం ఆలస్యంగా చెప్పినందుకు మావాళ్ళూ క్షమించలేదు, చెప్పినందుకు ఆసామి వాళ్ళూ క్షమించలేదు. పేట వదిలిపెట్టే ముందు ఆయన ఇంకోసారి పల్లెకు వచ్చారు. మరియమ్మ ఇల్లు చూపించమని నన్ను అడిగారు. తీసుకెళ్ళాను.

మరియమ్మ గుమ్మం ముందు కూర్చుని జొన్నలు చెరుగుతోంది. మమ్మల్ని చూసి చేట పక్కన పెట్టింది గానీ లేవలేదు. మాష్టారు గొడుగు ముడిచి, కోటుతోనే నేల మీద కూర్చున్నారు. పిల్ల ఆయన గొడుగు పట్టుకుని లాగుతుంటే వదిలేశారు. ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టి, తాను చూసిందంతా ముందునుంచి చెప్పారు. ఎక్కడ ఆగారో, కేకలు ఎలా వినిపించాయో, ఎన్నో దెబ్బకు మనిషి వాలిపోయాడో. బావి దగ్గరికి వెళ్ళేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయనీ, పెదాలు కదిలాయి గానీ మాట రాలేదనీ చెప్పారు. కోర్టులో ఇవన్నీ ఎవరూ అడగలేదు.

మరియమ్మ అంతా విని, "అప్పుడు మీరెంత దూరంలో ఉన్నారండీ?" అంది.

ఆయన వీధి చివర వేపచెట్టు చూపించారు. "అంత ఉంటుందమ్మా."

"కేకేస్తే వినపడుద్ది గదా."

"వినపడుతుంది."

"ఎయ్యలేదా?"

"లేదమ్మా. భయమేసింది. కేకేస్తే నన్ను చూస్తాడనిపించింది."

ఆమె చేట మళ్ళీ తీసుకుంది. రెండుసార్లు చెరిగి ఆగింది. ఆమె తిడుతుందనీ, ఏడుస్తుందనీ అనుకున్నాను. ఆయన కూడా దానికే సిద్ధపడి వచ్చారనిపించింది, తల వంచి అలా కూర్చున్నారు. మరియమ్మ మెల్లగా, "నాకూ భయమేనండి," అంది. "రేపు పొద్దున మిరప్పళ్ళు కొయ్యడానికి ఆ చేలోకే పోవాల నేను. పిలిచారు. పోకపోతే గడవదు."

మాష్టారు పిల్ల చేతిలోంచి గొడుగు తీసుకోవడం కూడా మరిచిపోయి లేచి నడిచారు. నేను పరిగెత్తి ఇచ్చాను. పల్లె దాటేదాకా వెంట వెళ్ళాను. దారిలో ఒక్క మాటే అన్నారు, ఇంగ్లీషు పరీక్ష ఎప్పుడని.

ఆ ఏడు నేను ప్యాసయ్యాను. ట్రైనింగు అయి, మళ్ళీ మా బడిలోనే ఉద్యోగం వచ్చి రెండు మూడేళ్ళయ్యాక నందిగామ వెళ్ళి ఆయన్ని చూశాను. కోర్టు వీధి వెనక ఒక గది అద్దెకు తీసుకుని, ప్లీడర్ల గుమాస్తాలకూ, టైపు నేర్చుకునే కుర్రవాళ్ళకూ ఇంగ్లీషు చెబుతున్నారు. రోజూ ఆ కోర్టు ముందునుంచే కూరగాయలకు వెళ్ళేవారు. వేరే ఊరు చూసుకోవచ్చు కదా అంటే ఆయన భార్య నాతో, "నేనూ అదే మొత్తుకుంటున్నా. వినరు," అన్నారు. ఆమె నాకు మజ్జిగ ఇచ్చారు.

ఆ రోజు నేను గది బయట కూర్చుని పాఠం విన్నాను. సుద్దా, బండా లేవు. ఒక కుర్రవాడు లేచి, తాను బస్టాండుకు చేరేసరికే బస్సు వెళ్ళిపోయిందని చక్కగా చెప్పాడు. పూర్వమైతే మాష్టారు తల ఊపేవారు. ఇప్పుడు, "వాక్యం సరిగ్గానే ఉంది," అని వాడి మొహంలోకి చూస్తూ ఉండిపోయారు. "ఇంకేమన్నా ఉందా నాయనా? వదిలేసిందేమన్నా ఉందా?" వాడికి ఏం అర్థమవుతుంది? లేదండి అని కూర్చున్నాడు. తర్వాతివాణ్ణీ అలాగే అడిగారు. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పిచ్చి మాష్టారని వాళ్ళు చాటున నవ్వుకునేవారని తర్వాత తెలిసింది.

వెళ్ళొస్తానని లేస్తే గుమ్మం దాకా వచ్చారు. "ఆవిడ ఎలా ఉందమ్మా?" అన్నారు. కూలికి పోతోందనీ, పిల్ల మా బడికి వస్తోందనీ చెప్పాను.

"నా గురించి ఏమన్నా అంటుంటుందా?"

ఏదైనా మంచి మాట కల్పించి చెప్పి ఉండవచ్చు. ఆయన దగ్గర చదువుకున్నదాన్ని, కల్పించలేకపోయాను. "ఎప్పుడూ ఏమీ అనలేదండి," అన్నాను. ఆయన తలూపి లోపలికి వెళ్ళిపోయారు.

తర్వాత ఒకటి రెండుసార్లు చూశానేమో. పోయిన సంగతి పోస్టాఫీసు గుమాస్తాగారు బస్సులో కనిపించి చెప్పారు. పరిటాల దాటాక, పక్క సీటులోంచి వంగి, "మన మాష్టారు పోయారమ్మా. పదిరోజులైంది. నాకూ నిన్ననే తెలిసింది," అన్నారు. నందిగామలో నేను దిగి ఆయన ఇంటికి వెళ్ళాను. గది తాళం వేసి ఉంది. ఆమెను తమ్ముడు వచ్చి తీసుకెళ్ళాడని పక్కింటివాళ్ళు చెప్పారు.

సాయంత్రానికి ఇంటికి వచ్చి, మరియమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె అప్పుడే చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. మిరపకాయల ఘాటుకు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మాష్టారు పోయారని చెప్పాను. ఆమె చెంబు కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, గుమ్మం ముందు నేల వైపు చూస్తూ నిలబడింది.

"ఆ పొద్దు అంత ఎండన పడి వచ్చాడు," అంది. "నేను మంచినీళ్ళు కూడా ఇయ్యలేదు టీచరమ్మా. ఇస్తే తాగేవాడో లేదో. తాగుతారా అని నేను అడగనన్నా అడగలేదు."